నేను పగలగొట్టిన మందుల బీరువా

ఆ ఆసుపత్రిలో డాక్టరు గారి కుర్చీకి దొరికినంత విశ్రాంతి నా మొత్తం ఉద్యోగంలో నాకు దొరకలేదు. ఈ మాట కోపంతోనే రాస్తున్నాను. వయసు మీద పడితే కోపం తగ్గుతుందన్నారు. నాకు తగ్గలేదు.

ఎనభైల మొదట్లో, పిడుగురాళ్లకు కొంచెం అవతల, సున్నపు బట్టీలకు దగ్గర్లో ఉన్న ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో స్టాఫ్ నర్సుగా చేరాను. ఆరు మంచాలు, ఒక కాన్పుల గది, ఒక మందుల గది, ముందు వసారా. వసారాలో రోగులు కూర్చునే బల్ల మీద రోజూ ఉదయానికి తెల్లటి దుమ్ము పేరుకునేది. తుడిస్తే మధ్యాహ్నానికి మళ్లీ వచ్చేది. బట్టీల పొగ, లారీల దుమ్ము, రాళ్ల పొడి అన్నీ మా మీదే వాలేవి. రోజుకు వందమంది దాకా వచ్చేవాళ్లు. దగ్గు, జ్వరం, వాంతులు, విరేచనాలు, రాయి పడి నలిగిన వేళ్లు, నెలలు నిండకుండానే నొప్పులు మొదలైన ఆడవాళ్లు.

డాక్టరు గారు నరసరావుపేటలో ఉండేవారు. అక్కడ ఆయనకు సొంత ఆసుపత్రి ఉంది. మా దగ్గరికి మంగళవారం, శుక్రవారం వచ్చేవారు. అది కూడా పెళ్లిళ్లు, పేరంటాలు లేకపోతే. వచ్చిన రోజు మిగతా రోజుల సంతకాలు కూడా పెట్టేవారు. ఒకే పెన్నుతో పెడితే తెలిసిపోతుందని నీలం పెన్ను ఒకటి, నల్ల పెన్ను ఒకటి జేబులో ఉంచుకునేవారు.

చేరిన వారానికే నన్ను పిలిచి, "మామూలు కేసులు మీరే చూసుకోండి సిస్టర్, మీకు చెయ్యి తిరిగిన పనేగా" అన్నారు.

"ఏవి మామూలు కేసులో కాగితం మీద రాసివ్వండి సార్" అన్నాను.

ఆయన నవ్వారు. "కాగితాలతో వైద్యం చేస్తామా ఏంటి?" అన్నారు.

సంతకాలకు కాగితం కావాలి, జీతానికి కాగితం కావాలి. నేను ఏం చేయవచ్చో చెప్పడానికి మాత్రం కాగితం అక్కర్లేదు. అప్పుడు నాకు ఇరవై నాలుగేళ్లు. ఆ నవ్వు వెనక ఏముందో అర్థం కాలేదు. పైగా కొంచెం పొంగిపోయాను కూడా. గుంటూరులో మూడున్నరేళ్లు నేర్చుకున్నదంతా చేసి చూపించే చోటు దొరికిందనుకున్నాను. నిజంగానే చేశాను. గాయాలకు కుట్లు వేశాను. అడ్డం తిరిగిన బిడ్డని గుర్తుపట్టి తల్లిని ముందే గుంటూరు పంపించాను. ఎండిపోయిన పసిపిల్లల పక్కన కూర్చుని ఉప్పూ చక్కెరా కలిపిన నీళ్లు చెంచా చెంచాగా పట్టించాను. చుట్టుపక్కల ఊళ్లవాళ్లు "డాక్టరు ఉన్నాడా?" అని అడగడం మానేశారు. "నర్సమ్మ ఉందా?" అని అడిగేవాళ్లు.

మా ఆయా ఒక పెద్దావిడ, గురజాల వైపు నుంచి వచ్చింది. ఒకరోజు గదులు ఊడుస్తూ అంది: "ఆయన పేటలో కూసుంటాడు, ఈడ నువ్వు చేసేది వైద్యం. బాగైతే ఆయన పేరు, చెడితే నీ పేరు. చూసుకో అమ్మా."

"అట్లా ఎందుకు అవుతుంది?" అన్నాను. అయింది.

ఆ బట్టీల్లో అన్నింటికన్నా భయపెట్టేవి కంటి దెబ్బలు. కాల్చిన సున్నపు రాయి బయటకు తీసి పగలగొట్టేటప్పుడు, జల్లెడ పట్టేటప్పుడు పొడి ఎగిరి కళ్లల్లో పడుతుంది. నేను చేరిన కొత్తలోనే ఒకతన్ని తీసుకొచ్చారు. రెండు కళ్లల్లో ఆముదం పోసి, గుడ్డ కట్టి, ఒక పగలంతా నులకమంచం మీద పడుకోబెట్టి, నొప్పి తగ్గలేదని మర్నాడు తెచ్చారు. గుడ్డ విప్పితే నల్లగుడ్లు కనిపించలేదు. ఉడికిన గుడ్డులోని తెల్లసొనలాగా ఉన్నాయి రెండు కళ్లూ. గుంటూరు పంపినా లాభం లేకపోయింది. తర్వాత అతను బస్టాండులో చెయ్యి చాపుతూ కనిపించేవాడు. అతనికి ముప్పై కూడా ఉండవు.

నర్సింగు చదివేటప్పుడు కంటివార్డులో మాకు పాఠం చెప్పిన పెద్ద సిస్టర్ ఒకావిడ ఉండేది. కంట్లో సున్నం పడితే ఏం చేయాలని ఆమె అడిగితే మేం రకరకాల మందుల పేర్లు చెప్పాం. ఆమె చేతిలో ఉన్న కేసు షీటుతో బల్ల మీద కొట్టి, "నీళ్లు! ముందు గడ్డలు తీసెయ్యండి, తర్వాత నీళ్లు, ఇంకా నీళ్లు. మీ చేతులు పడిపోయేదాకా కడగండి. గంట తర్వాత వచ్చిన గొప్ప డాక్టరు కన్నా మొదటి నిమిషంలో చెంబెడు నీళ్లు నయం" అంది. ఆ కేక నా చెవుల్లో ఉండిపోయింది.

ఒక వేసవిలో, బుధవారం ఉదయం పదిగంటల వేళ, బట్టీ లారీ ఒకటి ఆసుపత్రి గేటు దాకా వచ్చి ఆగింది. ఒక మనిషి తన భార్యని రెండు చేతులా ఎత్తుకుని దిగాడు. అతను లారీలకు బస్తాలు ఎత్తే పనివాడు, ఆమె అదే బట్టీలో జల్లెడ పట్టే కూలి. ఇద్దరి మొహాలూ పిండి చల్లినట్టు తెల్లగా ఉన్నాయి. ఆమె రెండు అరచేతులూ కళ్ల మీద అదిమిపట్టుకుని కేకలు పెడుతోంది. జల్లెడ తాడు తెగి, తట్టెడు పొడి సున్నం ఆమె మొహాన పడిందట. వెనకాలే బట్టీ మేస్త్రీ దిగాడు.

ఆమెని బల్ల మీద పడుకోబెట్టి, "నీళ్లు తేండి, కుండల్లో ఉన్నవన్నీ తేండి" అని అరిచాను.

మేస్త్రీ నాకు అడ్డం వచ్చాడు. "నర్సమ్మా, నీళ్లు తగలనియ్యమాక! సున్నానికి నీళ్లు తగిల్తే ఉడుకుద్ది, తెలవదా? ఆముదం పోసి కట్టు కట్టు, గుంటూరు తీసుకుపోతాం."

"కంట్లో ఉన్నది నీళ్లు కాదా? సున్నం ఇప్పటికే ఉడుకుతోంది! చెంబెడు పోస్తే ఉడుకుతుంది, బిందెలకొద్దీ పోస్తే కొట్టుకుపోతుంది. పక్కకి జరుగు" అన్నాను.

"రేపు ఏదన్నా అయితే నువ్వు పూచీ పడతావా?"

"పడతాను, జరుగు."

ఆ మాట అన్నానని నాకు ఈరోజుకీ పశ్చాత్తాపం లేదు. అయితే ఆ మాట నేనెందుకు అనాల్సి వచ్చిందన్నదే నా కోపం. పూచీ పడాల్సిన మనిషి ఆ సమయానికి నరసరావుపేటలో సొంత రోగుల మధ్య కూర్చుని ఉన్నాడు. కాంపౌండరుని పోస్టాఫీసుకు పంపి ట్రంక్ కాల్ చేయించాను. డాక్టరు గారు పనిలో ఉన్నారని అటునుంచి ఎవరో చెప్పి పెట్టేశారట.

ఆమె కళ్లు తెరవడం లేదు. తెరవలేకపోతోంది. నొప్పికి రెప్పలు బిగుసుకుపోయాయి. బలవంతంగా విప్పబోతే నా మణికట్టు పట్టుకుని తోసేసింది. కంటిని మొద్దుబార్చే చుక్కల మందు రెండు బొట్లు వేస్తే తప్ప కళ్లు తెరిపించలేను. ఆ మందు మా ఆసుపత్రిలో ఉంది. డాక్టరు గారి గదిలో, గోద్రెజ్ లాంటి గట్టి బీరువా కూడా కాదు, పాత చెక్క బీరువాలో ఉంది. దానికి ఇత్తడి తాళం. తాళంచెవి డాక్టరు గారి జేబులో.

"తాళం ఎట్టా తియ్యాల?" అంది ఆయా.

నేను మందుల గదిలోకి వెళ్లి, మాత్రలు నూరే ఇనప రోకలి తెచ్చి ఆ తాళం మీద కొట్టాను. మొదటి దెబ్బకి ఊడలేదు. నాలుగో దెబ్బకి గొళ్లెం ఊడొచ్చింది. కాంపౌండరు గుమ్మంలో నిలబడి, "సిస్టర్, గవర్నమెంటు ప్రాపర్టీ సిస్టర్" అంటున్నాడు. ఆ గవర్నమెంటు ప్రాపర్టీ లోపల ఎవరికీ వాడకుండా కాలం తీరిపోయిన మందులు ఒక అరలో సగం దాకా ఉన్నాయి. నాకు కావలసిన సీసా మాత్రం తేదీలో ఉంది. ఆ దేవుడికి దండం పెట్టాను.

చుక్కలు వేశాక ఆమె కేకలు సన్నగిల్లాయి. రెప్పలు తిప్పి, తడిపిన దూది చుట్టిన పుల్లతో గడ్డల్ని ఒక్కొక్కటే తీశాను. పై రెప్ప లోపల, మూలల్లో, మినప్పప్పు బద్దలంత ఉన్నాయి. తర్వాత సెలైన్ సీసా తగిలించి, గొట్టం చివర వేళ్లతో పట్టుకుని కళ్లు కడగడం మొదలుపెట్టాను. మా దగ్గర ఉన్నవి రెండే సీసాలు. అవి అయిపోయాక తాగేనీళ్లు. ఆమె భర్త బోరింగు కొడుతుంటే ఆయా బిందెలు మోసింది. నేను చెంబుతో సన్నటి ధారగా పోస్తూనే ఉన్నాను. గది అంతా నీళ్లు. నా చీర మోకాళ్లదాకా తడిసింది. కడుగుతున్నంతసేపూ ఆమె ఒకటే అడిగింది.

"అక్కా, నా కళ్లు పోయినయ్యా?"

"చూద్దాం. నువ్వు కిందకి చూడు. ఇప్పుడు పైకి చూడు."

"యాడికని చూడనక్కా, అంతా తెల్లగా ఉంది."

గంటన్నర కడిగాను. మొక్కలకు నీళ్లు పోయడంలా ఉంటుంది చూసేవాళ్లకి. అదే వైద్యం. తర్వాత మందు పూసి, దూది పెట్టి, ఒక చీటీ రాశాను. సున్నపు బట్టీలో పనిచేస్తుండగా ఈ సమయానికి రెండు కళ్లలో సున్నం పడింది, గడ్డలు తీసి ఇంతసేపు నీళ్లతో కడిగాం, ఈ మందులు వేశాం, వెంటనే కంటి వార్డులో చేర్చుకోండి అని. కింద నా సంతకం పెట్టి, స్టాఫ్ నర్సు అని రాశాను. అదే లారీలో వాళ్లని గుంటూరు పంపించాను. తన మాట వినలేదన్న కోపంతో మేస్త్రీ ముందు లారీ ఇవ్వనన్నాడు. ఆయా వెళ్లి లారీ ముందు కూర్చుంది. ఇచ్చాడు.

శుక్రవారం డాక్టరు గారు వచ్చారు. ఆయన కన్నా ముందే బట్టీ యజమాని వచ్చి ఆయన గదిలో కూర్చున్నాడు. కాసేపటికి నన్ను పిలిచారు. ఆ అమ్మాయి ఎలా ఉందని ఎవరూ అడగలేదు. డాక్టరు గారు రిజిస్టరు నా ముందుకు తోశారు.

"సిస్టర్, ఇక్కడ బట్టీలో జరిగిందని రాశారు. వాళ్లింట్లో గోడలకు సున్నం వేసుకుంటుంటే పడిందట. దిద్దండి."

"బట్టీలో జరిగింది సార్. జల్లెడ తాడు తెగింది. మేస్త్రీయే చెప్పాడు."

"మేస్త్రీ అట్లా అనలేదంటున్నాడు."

యజమాని నావైపు చూడకుండా అన్నాడు, "ఎందుకమ్మా రచ్చ? రాత మార్చితే ఏం పోయిద్ది?"

ఏం పోతుందో నాకు తెలుసు. పనిలో దెబ్బ తగిలిందని కాగితం మీద లేకపోతే ఆ మనిషికి అడిగే నోరు కూడా ఉండదు. నేను రిజిస్టరు మూసి బల్ల మీద పెట్టాను. "నేను రాసింది నేను దిద్దను సార్. మీరు చూసి ఉంటే మీరే రాసి సంతకం పెట్టండి" అన్నాను. ఆయన మొహం ఎర్రబడింది. లేచి బీరువా దగ్గరకి వెళ్లి, ఊడిన గొళ్లేన్ని వేలితో ఆడించి, "మరి ఇదేంటి?" అన్నారు.

వారం తిరక్కుండా మెమో వచ్చింది. మూడు నేరాలు. ప్రభుత్వ బీరువా తాళం పగలగొట్టడం. అర్హతకు మించిన వైద్యం చేయడం. అధికారం లేకుండా పెద్దాసుపత్రికి చీటీ రాయడం. మొదటిసారి చదివినప్పుడు ఏడుపొచ్చింది. రెండోసారి చదివాక అరికాలి మంట నెత్తికెక్కింది. రెండేళ్లుగా నేను చేసిన ప్రతి కాన్పూ, వేసిన ప్రతి కుట్టూ అర్హతకు మించిందే కదా? అప్పుడు మెమో ఎందుకు రాలేదు? ఆ కాన్పులన్నీ నెలవారీ లెక్కల్లో డాక్టరు గారి ఖాతాలో పైకి వెళ్లాయి కదా?

రెండు నెలల తర్వాత జిల్లా కార్యాలయం నుంచి ఒక అధికారి ఎంక్వయిరీకి వచ్చారు. డాక్టరు గారి కుర్చీలో కూర్చున్నారు, డాక్టరు గారు పక్కన నిలబడ్డారు. ఆ కుర్చీకి బుధవారం నాడు మనిషి దొరకడం నేను చూసింది అదే మొదలు.

"మీరు డాక్టరా?" అని అడిగారు.

"కాదండి."

"మరి కంట్లో చెయ్యి పెట్టే అధికారం మీకెవరిచ్చారు?"

"ఆ సమయానికి డాక్టరు గారు ఎక్కడున్నారో అది కూడా రాసుకుంటారా అండి?"

"అడిగినదానికే జవాబు చెప్పండి."

"రాసుకోండి. అధికారం ఎవరూ ఇవ్వలేదు. చదువు ఇచ్చింది. మనిషి ఎదురుగా ఉంది. మందు తాళంలో ఉంది."

అప్పుడు గుమ్మం దగ్గర అలికిడి అయింది. ఆ అమ్మాయి, ఆమె భర్త. నేను పిలవలేదు. ఆయా చెప్పి పంపించిందని తర్వాత తెలిసింది. ఆమె ఎడమ కంట్లో తెల్లగా పువ్వు పడింది, ఆ కన్ను పోయింది. కుడి కన్ను నల్లగా, మెరుస్తూ ఉంది. నేను పంపించిన తర్వాత ఆమెని చూడటం అదే మొదటిసారి.

భర్త గుంటూరు ఆసుపత్రి కాగితాలు బల్ల మీద పెట్టాడు. దెబ్బ తగిలిన వెంటనే దగ్గర్లోనే బాగా కడగడం వల్ల కుడి కన్ను నిలిచిందని కంటి డాక్టరు అందులో రాశాడు. అధికారి చదివి, మడిచి, పక్కన పెట్టేశారు.

ఆ అమ్మాయి ఊరుకోలేదు. "అయ్యా, నేను చదువుకోలేదు. గుంటూరులో డాక్టరు నన్ను అడిగాడు, ఎవరమ్మా కడిగింది, వాళ్లకి దండం పెట్టుకో అని. ఈ అమ్మ తాళం పగలగొట్టబట్టి ఇయ్యాల మీ మొహం నాకు కనపడతంది. తప్పేందో నాకు అర్థం కాలా. తాళం యేసి పోయినాయనది తప్పు కాదా?"

"ఏమ్మా, నిన్నెవరు పిలిచారు? బయటికి పో" అన్నారు డాక్టరు గారు.

"పోతా. ఆ రోజు నువ్వుంటే నీ కాళ్లు పట్టుకునేదాన్ని. నువ్వు లేవుగా" అంది.

ఎంక్వయిరీ ఫలితం ఏమిటంటే, నాకు హెచ్చరిక. మంచి ఉద్దేశంతో చేసినా పరిధి దాటానని, ఇకముందు ఇలా చేస్తే కఠిన చర్య ఉంటుందని. డాక్టరు గారికి ఏమీ లేదు. ఆయన పేరే ఆ కాగితంలో లేదు.

అది వచ్చిన నెలరోజులకే అదే కార్యాలయం నుంచి, అదే అధికారి సంతకంతో ఇంకో ఆర్డరు వచ్చింది. డాక్టర్లు లేని రోజుల్లో రోగులు తిరిగి వెళ్లిపోకుండా స్టాఫ్ నర్సులు అవుట్ పేషెంట్లను చూడాలని అందులో ఉంది. దాన్ని మూడుసార్లు చదివాను. చూస్తే పరిధి దాటినట్టు, చూడకపోతే ఆర్డరు ధిక్కరించినట్టు. నర్సుల బాధ్యత పెరిగిందని ఈమధ్య ఎవరైనా గొప్పగా మాట్లాడితే నాకు ఆ రెండు కాగితాలు కళ్లముందుకొస్తాయి. మమ్మల్ని నమ్మి ఇచ్చిన బాధ్యత కాదది. ఎవరో వదిలేసి పోయిన పనిని మా నెత్తిన పెట్టి, దెబ్బలు తినడానికి మా వీపుల్ని చూపించారు.

ఆ ఆదివారం కూర్చుని ఒక జాబితా రాశాను. డాక్టరు లేనప్పుడు నర్సు ఏమేం చేయవచ్చు, ఏ మందులు ఎంత ఇవ్వవచ్చు, ఏ కేసుని తాకకుండా పైకి పంపాలి. పద్నాలుగు అంశాలు. బీరువా తాళంచెవి ఆసుపత్రిలోనే ఉండాలన్నది పద్నాలుగోది. డాక్టరు గారి ముందు పెట్టాను. చదవను కూడా చదవలేదు. "మీరు నాకు రూల్స్ రాస్తారా?" అన్నారు. ఆ జాబితా రెండేళ్లపాటు నా ట్రంకుపెట్టెలో ఉంది. ఆ రెండేళ్లూ ప్రతి రోగినీ భయపడుతూనే చూశాను. చూడటం మాత్రం మానలేదు. అది నా మంచితనం అనుకోకండి. వసారాలో బల్ల మీద కూర్చున్నవాళ్లని దాటుకుని లోపలికి వెళ్లడం నాకు చేతకాలేదు.

మండలాలు వచ్చిన తర్వాత ఆయనకి బదిలీ అయింది. వెళ్లేటప్పుడు పూలదండ వేశారు. నేను వేయలేదు. ఆయన చోట ఒక కుర్ర డాక్టరమ్మ వచ్చింది. మాచర్ల అమ్మాయి. పక్కనే గది తీసుకుని ఉంది. మొదటి వారం నా పని గమనించి, "మీరు ఇవన్నీ ఏ ఆర్డరుతో చేస్తున్నారు సిస్టర్?" అని అడిగింది. ట్రంకుపెట్టెలోంచి జాబితా తెచ్చి ఇచ్చాను. ఆమె ఎర్ర పెన్నుతో రెండు కొట్టేసి, ఎందుకు కొట్టేసిందో నాకు వివరించి చెప్పింది. ఇంకో మూడు తనే కలిపింది. ప్రతి పేజీ మీదా సంతకం పెట్టి, "ఇవి నా ఆదేశాలు. మీరు చేసినవాటికి నేను జవాబుదారీని" అంది. అంతే. పావుగంట పని. ఐదేళ్లుగా నేను అడుగుతున్నది ఆ పావుగంటే. అప్పుడు ఆమె ముందే ఏడ్చాను, సంతోషంతో కాదు. ఇంత తేలికైన పనికి ఒక మనిషి కన్ను పోయి, నాకు మూడు నేరాలు అంటుకుని, ఇన్నాళ్లు పట్టిందా అని.

మేమిద్దరం బట్టీల వెంట తిరిగాం. ప్రతి బట్టీ దగ్గరా మూత ఉన్న నీళ్ల పీపా ఒకటి పెట్టమని అడిగాం. కొందరు పెట్టారు, కొందరు తర్వాత చూద్దామన్నారు. మా మాటలకి తల ఊపినవాళ్లు ఆ ఒంటికంటి అమ్మాయి మాటకి కదిలారు. మళ్లీ అదే బట్టీలో పనికి వెళ్లేది ఆమె, వేరే దారి లేదు. కూలీలని చుట్టూ కూర్చోబెట్టి, ఎడమ కన్ను చూపించి, "ఇది ఆముదం అన్నోడి మాట యిని బట్టీలో నీళ్లు పొయ్యకపోబట్టి పోయింది", కుడి కన్ను చూపించి, "ఇది నీళ్లతో బతికింది" అని చెప్పేది. నేను పేజీలకొద్దీ చెప్పినా అంత బాగా చెప్పలేను.

డాక్టరమ్మ ఏడాది తిరక్కుండానే పై చదువుకి వెళ్లిపోయింది. తర్వాత వచ్చినాయన మొదటిరోజే మేం గోడకి అంటించిన జాబితా చూసి, "ఈ కాగితం ఎవరు పెట్టారు?" అని చింపేశాడు. నకలు రాసి మళ్లీ అంటించాను. మళ్లీ చింపాడు. ఆసుపత్రికి వెల్ల వేయడానికి మనుషులు వచ్చినప్పుడు వాళ్లలో బోర్డులు రాసే పెయింటరు ఒకడు ఉన్నాడు, పట్నం నుంచి వచ్చిన సాయిబు. "అన్నా, ఈ పదిహేనూ వసారా గోడ మీద రాయాలి, దూరం నుంచి కనపడాలి" అన్నాను.

"పెద్దగానా, చిన్నగానా అమ్మా?"

"చానా పెద్దగా" అన్నాను.

రెండు రోజులు నిచ్చెన మీద నిలబడి నీలం రంగుతో రాశాడు. డాక్టరు సోమవారం వచ్చి వసారాలో ఆగిపోయాడు. అప్పటికే బల్ల మీద రోగులు కూర్చుని, చదువు వచ్చినవాళ్లు రానివాళ్లకి గోడ చదివి వినిపిస్తున్నారు.